ప్రకాశరావు హస్తవాసి

ఒకప్పుడు మా ఇంట్లో కోడికూర వండితే కాళ్ళ ఎముకలకు చిల్లులు ఉండేవి. ముక్క కొరికితే పక్కనుంచి పులుసు కారేది. మా చర్చి సంఘపెద్ద ఆశీర్వాదంగారు ఒకసారి భోజనానికి వచ్చి, ఆ కాలును వెలుతురుకు పట్టి చూసి, "ఏంటి మాస్టారూ, ఈ కోడికి పుచ్చుగానీ పట్టిందా?" అని అడిగారు.

"పుచ్చు కాదండి, వైద్యవిద్య" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మర్యాదకు తిన్నారు.

మా ఆవిడ ప్రమీల పిల్లల డాక్టరు. నేను తెలుగు పండితుణ్ణి. బాపట్లలో కాపురం పెట్టి, ఎనభై నాలుగులో నాకు తెనాలి బదిలీ అయితే ఇద్దరం ఇక్కడికి వచ్చేశాం. మారీసుపేటలో ఒక పాత మేడ తీసుకుని ముందుభాగంలో తను ఆసుపత్రి పెట్టుకుంది, వెనకభాగంలో మేం ఉన్నాం. ఆసుపత్రిలో మొదటి గదిని మాత్రం తను ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. అందులో ఒక ఎత్తు బల్ల, ఆక్సిజన్ సిలిండరు, గోడ అరల్లో సూదులూ గొట్టాలూ. అది ప్రాణం మీదికి వచ్చిన పిల్లల కోసం. ఆ గదిలో పేరు అడక్కూడదు, ఊరు అడక్కూడదు, డబ్బు సంగతి అసలే ఎత్తకూడదు.

"ముందు ఊపిరి, తరవాత పేరు" అనేది.

అప్పట్లో మా చుట్టుపక్కల అలాంటి గది ఇంకొకటి లేదు. కొనఊపిరితో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తుకొస్తే, చాలామంది డాక్టర్లు గుమ్మంలోనే కనురెప్ప ఎత్తి చూసి, గుంటూరుకు చీటీ రాసి కారెక్కించేవారు. ఆ కారు చేబ్రోలు చేరేసరికి వెనకసీట్లో ఏడుపు మొదలయ్యేది. వాళ్ళు దుర్మార్గులని నేననను. వాళ్ళ భయమంతా హస్తవాసి గురించి. మనవాళ్ళకు డాక్టరు ఏం చదివాడో అక్కర్లేదు, చెయ్యి మంచిదా కాదా అన్నదే కావాలి. ఆసుపత్రిలో ఒక్క బిడ్డ పోతే, ఆ మరుసటి వారం దగ్గు మందుకు వచ్చేవాళ్ళు కూడా పక్కవీధి డాక్టరు దగ్గరికి మళ్ళిపోతారు. అదే చేబ్రోలు దగ్గర పోతే ఆ చావు ఎవరి చేతి మీదా పడదు, దారి మీద పడుతుంది. చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన ఉపాయమిది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ప్రమీల మాత్రం కోప్పడేది కాదు. "ఈ పనికి వేరే చదువుండాలండీ. పిల్లల డాక్టర్లు దొరుకుతారు, ఈ గది డాక్టర్లు దొరకరు. రేపల్లెలో ఒకరు, బాపట్లలో ఒకరు తయారైతే చాలు, నేను హాయిగా కళ్ళు మూసుకుంటాను" అనేది. నగలడగలేదు, ఇల్లు కట్టమనలేదు. నా భార్య జీవితంలో గట్టిగా కోరుకున్నది ఈ రెండు గదులే.

ఆ చదువుకు డిగ్రీ లేదు, కాగితం లేదు. కాగితం లేని చదువుకు ఎవరొస్తారని నేను వేళాకోళం చేశాను. అయినా ఇద్దరొచ్చారు.

ఒకడు ప్రకాశరావు. వాళ్ళ నాన్న వీరరాఘవయ్యగారికి పెనుమూడి దగ్గర మాగాణి, రేపల్లెలో మేడ. ఎం.బి.బి.ఎస్. అయ్యాక కొడుకు పెద్ద చదువుకు వెళ్తాడనుకుంటే, వాడు మా ఆవిడ పని చూసి వెనకే తిరగడం మొదలుపెట్టాడు. ఆ పిల్లాడి వేళ్ళు చూడాలి. సన్నాయి వాయించేవాడి వేళ్ళలా ఎక్కడ ఎంత నొక్కాలో వాటికే తెలిసేది. రెండో మనిషి కుసుమకుమారి, తనూ ఎం.బి.బి.ఎస్., బాపట్ల అమ్మాయి. మంచిపిల్లే గానీ చేతులకు చెమట. సూది పట్టుకుంటే పక్కనున్నవాళ్ళు జరిగి కూర్చునేవారు.

కోడికాళ్ళ సంగతి ఇక్కడే. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒళ్ళంతా ఎండిపోయిన పసివాళ్ళకు సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకదు. అప్పుడు మోకాలి కింద ఎముకలోకే లావుపాటి సూది దించి నీళ్ళు పంపాలి. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, కానీ ప్రాణం నిలబెడుతుంది. అది నేర్పడానికి ప్రమీల ఆదివారం గుడి నుంచి రాగానే బజారు నుంచి కోడికాళ్ళు తెప్పించి మా భోజనాల బల్ల మీదే పాఠం మొదలుపెట్టేది. ప్రకాశరావు రెండోసారికే పట్టేశాడు. కుసుమ గుచ్చిన కాలు మాత్రం జారిపోయి నా పేపరు మీద వచ్చి పడింది.

"ఈ కోడికి ఇంకా ప్రాణం ఉన్నట్టుందమ్మా" అన్నాను.

"మాస్టారూ, మీరు లోపలికెళ్ళండి" అంది ఏడుపు మొహంతో.

పాఠం అయ్యాక ఆ కాళ్ళే కూరలోకి వెళ్ళేవి. మా ఇంట్లో దేన్నీ పారేయరు.

ప్రకాశరావు మొదటిసారి నిజం బిడ్డకు ఆ సూది వేసినప్పుడు నేను వరండాలోనే ఉన్నాను. పిల్లవాడి తండ్రి కిటికీలోంచి చూసి, "ఎముకలో దించుతున్నాడ్రా నాయనోయ్!" అని తలుపు మీద పడ్డాడు. నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. కాసేపటికి లోపల్నుంచి పిల్లవాడి ఏడుపు వినిపించింది. అలాంటి కమ్మటి ఏడుపు నేనింకెక్కడా వినలేదు. ప్రమీల ప్రకాశరావు వీపు తట్టి, "నువ్వే వెళ్ళి చెప్పు" అని వరండా తలుపు తీసింది. ఆ తల్లి వాడి కాళ్ళ మీద పడింది. వాడు సిగ్గుతో ఎర్రబడిపోయాడు.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయింది. బిడ్డ బతికితే ఆ తలుపు తీసుకుని బయటికి వెళ్ళేది ప్రకాశరావు. పోతే ప్రమీల. కోటు విప్పి, మొహం కడుక్కుని, తనే వెళ్ళేది. తిట్టినా, శాపనార్థాలు పెట్టినా నిలబడి వినేది. లోపల వైద్యం ఎవరు చేశారన్నది ఆ తలుపు అవతల ఎవరికీ తెలిసేది కాదు.

"ఎందుకలాగ?" అని అడిగితే, "వాడిది ఇప్పుడిప్పుడే మొదలెట్టే చెయ్యండీ. దానికి మచ్చ పడితే రేపట్నుంచి రేపల్లెలో వాడి గడప ఎవరు తొక్కుతారు? నాదెలాగూ ముదిరిన చెయ్యి" అంది. గురువంటే ఇలా ఉండాలని నేనూ మురిసిపోయాను.

ఊరు ఊరుకుంటుందా? తక్కిన డాక్టర్లు వదిలేసినవాళ్ళనే తను తీసుకునేది కాబట్టి పోయేవాళ్ళూ ఇక్కడే ఎక్కువ. బతికినవాళ్ళు ప్రకాశరావు చలవ, పోయినవాళ్ళు ప్రమీల పాపం. "చదువుకుందిగానీ చెయ్యి మంచిది కాదు" అన్న మాట గుడి మెట్ల మీద నా చెవినే పడింది. అన్నది మా సంఘం మనిషే. ఆవిడ మనవరాలికి మూర్ఛ వస్తే బతికించింది మా గదే. జలుబుకూ జ్వరానికీ వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ప్రాణం మీదికొస్తే మాత్రం అందరికీ మా ఇల్లే గుర్తొచ్చేది.

కుసుమ విషయంలో ఆ ఆనవాయితీ ఒకసారి తప్పింది. ఆ రోజు ప్రమీల వాళ్ళ పిన్ని పోతే భూస్థాపనకు బాపట్ల వెళ్ళింది. ప్రకాశరావు కోతలని ఊరెళ్ళాడు. ఎగశ్వాసతో ఉన్న ఆడపిల్లను తెచ్చారు. కుసుమ చేయాల్సిందంతా చేసింది, సూది కూడా సరిగ్గానే దించింది. పిల్ల దక్కలేదు. కుసుమ తలుపు వెనక నిలబడి, "మాస్టారూ, మేడమ్ ఎప్పుడొస్తారు?" అంది.

"సాయంత్రానికి."

చాలాసేపు గడియ మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది. తరవాత తనే తీసుకుని బయటికి వెళ్ళింది. ఆ తల్లి కుసుమ కోటు పట్టుకుని గుంజితే గుండీలు తెగి వరండా అంతా దొర్లాయి. గుండెల మీద కొట్టింది. కుసుమ వెనక్కి రాలేదు. చివరికి ఇద్దరూ నేల మీద కూలబడి ఏడ్చారు.

సాయంత్రం ప్రమీల వచ్చి విని నొచ్చుకుంది. "నేనుంటే నీకీ గతి పట్టేది కాదు తల్లీ" అని ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకుంది. కొన్నాళ్ళకు కుసుమ బాపట్ల వెళ్ళిపోయింది. ఆ తరవాత ఉత్తరం లేదు. బాపట్ల వైపునుంచి ఒక్క పిల్లాడూ మా గదికి రాలేదు. "ఈ పని మానేసి ఉంటుంది. ఆ రోజు నేను ఊరెళ్ళకుండా ఉండాల్సింది" అని ప్రమీల ఎన్నిసార్లందో.

ప్రకాశరావుతోనే తన ఆశ మిగిలింది. రేపల్లెలో వాడు ఆసుపత్రి కట్టినప్పుడు రిబ్బను కత్తిరించింది మా ఆవిడే. వీధివైపు మొదటి గది, ఎత్తు బల్ల, గోడ అరలు, అన్నీ మా గదిలాగే. ఆ రోజు తను నవ్విన నవ్వు మా పెళ్ళినాడు కూడా నవ్వలేదు. నేను ఆ మాట పైకి అంటే మోచేత్తో పొడిచింది.

వాడి పేరు తిరునాళ్ళ గంటలా మోగిపోయింది. 'ప్రకాశరావుగారి చెయ్యి పడితే చాలు' అని లంకల్లోంచి కూడా పడవలెక్కి వచ్చేవారట. మొదట్లో ఫోన్లో, "మేడమ్, ఇలా చేశాను, సరేనా?" అని అడిగేవాడు. తరవాత ఫోన్లు తగ్గాయి. కార్లు రావడం మొదలైంది. "ప్రకాశరావుగారు పంపారండి. మా మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు." పిల్లల పరిస్థితి చూస్తే వచ్చేసరికే ఆఖరి ఘడియలు.

"వాడికి నా మీద అంత నమ్మకం" అంది ప్రమీల మొదట్లో. చేబ్రోలు దారి రేపల్లె వైపు తిరిగినట్టు నాకు మాత్రం అనిపించింది.

తొంభై మూడు వేసవిలో ప్రకాశరావు పంపించాడని పెనుమూడి నుంచి ఒక పసివాణ్ణి తెచ్చారు. వాంతులు, విరేచనాలు. కారు వేమూరు దాటాక ఊపిరి ఆగిపోయిందట. ప్రమీల అయినా బల్ల మీద వేసి ప్రయత్నించింది. లాభం లేదని తెలిశాక, బిడ్డ రెండు మోకాళ్ళ కిందా వేలితో తడిమి చూసింది. ఆ తరవాత మొహం కడుక్కుని ఎప్పటిలాగే తలుపు తీసుకుని వెళ్ళింది. తల్లి స్పృహ తప్పింది. తండ్రి గోడకు తల కొట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "ఒక్క సూది గుర్తు కూడా లేదండీ" అంది. "వాడు ప్రయత్నించనే లేదు. వాడికి అది నిమిషంలో పని."

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాం. ప్రకాశరావు ఆసుపత్రి ముందు తీర్థంలా జనం. మమ్మల్ని చూసి వాడు కుర్చీలోంచి లేచి వచ్చి ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టాడు, కాఫీలు తెప్పించాడు. అందులో లోపం లేదు. ప్రమీల లేచి మొదటి గది తలుపు తోసింది. బల్ల మీద మందుల అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి.

"నిన్నటి బాబుకి సూది ఎందుకు వెయ్యలేదు ప్రకాశరావూ? మర్చిపోయావా?"

"లేదు మేడమ్. కళ్ళు మూసుకుని వెయ్యగలను."

"మరి?"

"బయట నలభై మంది ఉన్నారు మేడమ్. ఎముకలో సూది దించుతుంటే అందరూ చూస్తారు. వేశాక కూడా పోతే? నా చేతిలో పోయాడంటారు. మీ దగ్గరున్నప్పుడు నేను సూది పని ఒక్కటే చూడలేదు. ఊరు మిమ్మల్ని ఏం చేసిందో కూడా చూశాను. మీరు ఎంతమందిని బతికించారో నాకు తెలుసు. వాళ్ళకి తెలుసా? కుసుమ చూడండి, బాపట్లలో ఎంతటి కేసొచ్చినా పంపకుండా తనే ఆపుకుంటోందంట. కొందరు పోతున్నారు. ఇప్పుడు ఆవిడ దగ్గరికి జలుబుకి కూడా ఎవరూ పోవట్లేదు."

ప్రమీల చేతిలోని కాఫీ గ్లాసు అట్టపెట్టె మీద పెట్టేసింది. "కుసుమ ఆపుకుంటోందా?"

"అవును మేడమ్."

బాపట్ల నుంచి పిల్లలెందుకు రాలేదో మాకు అప్పుడు తెలిసింది. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషానివో బాధవో నేను చెప్పలేను. రెండూ అయి ఉంటాయి.

"కారు తియ్యి. ఆ బాబు వాళ్ళింటికి వెళ్దాం" అంది.

ముగ్గురం పెనుమూడి వెళ్ళాం. కృష్ణ ఒడ్డున కూలీల ఇళ్ళు. చాలామంది వీరరాఘవయ్యగారి పొలాల్లో పని చేసేవాళ్ళే. బిడ్డ తల్లి లోపల పడి ఉంది, తండ్రి ఆ బిడ్డ సమాధి దగ్గరే ఉన్నాడట. పంచలో చాప మీద నాయనమ్మ ఏసమ్మ కూర్చుని ఉంది. ముందురోజు తను తెనాలి రాలేదు కాబట్టి మా ఆవిణ్ణి ఎరగదు. ప్రకాశరావును చూడగానే లేచి చేతులు జోడించింది.

"మీరొచ్చారా బాబుగారా! మా గుడిసెకొచ్చారా! మీ చేతిలో ఉంటే నా మనవడు దక్కేవోడయ్యా. ఆ తెనాలి డాక్టరమ్మ చెయ్యి మంచిది కాదంట గదా. మా సంఘం ఆమేనంట. ఏం లాభం!"

ప్రమీల ప్రకాశరావు వైపు చూసింది. నేనూ చూశాను. చెప్పు నాయనా, ఒక్క మాట చెప్పు, అని మనసులో వాడికి దండం పెట్టుకున్నాను. వాడు నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. ఆ ముసలావిడ కన్నీళ్ళు చూశాడు, జోడించిన ఆ చేతులు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"అవును పెద్దమ్మా" అంది ప్రమీల. "ఆ తెనాలి డాక్టర్ని నేనే. నా చేతిలోనే పోయాడు."

ఏసమ్మ బిత్తరపోయింది. తిడుతుందేమోనని నేను ఒకడుగు ముందుకు వేశాను. ఆవిడ మా ఆవిడ మొహం కాసేపు చూసి, చాప మీద పక్కకు జరిగి, "ఎండనపడొచ్చావు. కూకో తల్లీ" అంది. ప్రమీల కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. ప్రకాశరావు కారు దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

తెనాలిదాకా కార్లో దింపుతానన్నాడు. తను వద్దంది. రైల్లో నాకు కోపం ఆగలేదు. "దారిలోనే ఊపిరి పోయిన పిల్లాడు నీ చేతిలో పోయాడని ఎందుకన్నావు? నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను. ఎదుటి సీటు వాళ్ళు తిరిగి చూశారు.

"వాడు చెబుతాడేమోనని ఆగానండీ" అంది. "చెప్పాలనుకున్నాడు కూడా. వాడికి రాదు. సూది నేర్పాను, ఊపిరి నిలబెట్టడం నేర్పాను. ఆ తలుపు తీసుకుని బయటికి వెళ్ళడం ఒక్కటే నేర్పలేదు. ప్రతిసారీ వాడికి అడ్డం నేనే వెళ్ళాను. చూడండి, ఇవాళ కూడా నేనే వెళ్ళాను."

వేమూరు దాటాక, "కుసుమకు నేను లేని రోజు దొరికింది. అందుకని నేర్చుకుంది" అంది.

ఆ వారంలోనే బాపట్ల వెళ్ళి కుసుమను చూసి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ అమ్మాయి కోటుకు గుండీలు కుట్టించుకోవడం మానేసిందని, ఎలాగూ ఊడతాయని నవ్విందని మాత్రం చెప్పింది. చెబుతూ తను నవ్వలేదు.

ఇకమీదట ఎవరొచ్చినా మొదటి రోజునుంచే ఆ తలుపు దగ్గరికి వెంటపెట్టుకు వెళ్తాననుకుంది. వచ్చేవాళ్ళకోసం వెనకగదికి సున్నం వేయించింది, మంచం వేయించింది. ఎవరూ రాలేదు. చెయ్యి మంచిది కాని డాక్టరు దగ్గర, కాగితం లేని చదువుకు ఎవరు వస్తారు? ఏం నేర్పాలో తనకు తెలిసేసరికి నేర్చుకునేవాళ్ళు లేకపోయారు. ప్రకాశరావు క్రిస్మస్‌కు కేకు పంపిస్తూనే ఉన్నాడు. పిల్లల్నీ పంపిస్తూనే ఉన్నాడు.

ఇప్పటికీ ఆదివారం గుడి నుంచి వచ్చాక కోడి వండుతుంది. కాళ్ళకు ఎక్కడా చిల్లు ఉండదు, పులుసు కారదు. నా కంచంలో ఎప్పుడూ రెండు కాళ్ళూ వేస్తుంది. బాగానే ఉంటాయి. నాకే తినబుద్ధి కాదు.